తాడు పట్టే మనిషి

కొత్త ఊళ్లో ఉద్యోగంలో చేరినవాళ్లకి అద్దె ఇల్లు, గ్యాస్ కనెక్షను, దగ్గర్లో ఒక కర్రీ పాయింటు పది రోజుల్లో కుదిరిపోతాయి. బండలెక్కే అలవాటున్నవాళ్లకి ఇవన్నీ కుదిరాక కూడా ఒక కొరత మిగిలిపోతుంది. తాడు రెండో కొసన నిలబడే మనిషి కావాలి. డబ్బిస్తే శిక్షకుడు దొరుకుతాడు, బూట్లు అద్దెకి దొరుకుతాయి. ప్రతి ఆదివారం తెల్లవారకముందే లేచి వచ్చి, తన వంతు వచ్చేదాకా మెడ ఎత్తి పైకి చూస్తూ తాడు పట్టుకునే మనిషి మాత్రం అంత తేలిగ్గా దొరకడు.

పరిటాల, నందిగామ, జగ్గయ్యపేట వైపు నుంచి హైదరాబాద్ చేరే కుర్రకారుకి రాయి కొత్తేం కాదు. 65వ నంబరు జాతీయ రహదారి మీద నందిగామ, కంచికచర్ల దాటి వస్తే పరిటాలలో 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహం దూరం నుంచే కనిపిస్తుంది. అక్కణ్ణుంచి దొనబండ వైపు కొండల పక్కలు నిలువునా కోసేసి ఉంటాయి. క్వారీలు, క్రషర్లు, వరసగా కంకర లారీలు, రోడ్డు పక్క చెట్ల ఆకుల మీద తెల్లటి పొడి. ఒకప్పుడు ఈ నేలలోనే వజ్రాలు తవ్వారు. చుట్టూ కృష్ణా జిల్లా అంతా ఇంగ్లీషువాళ్ల చేతిలో ఉన్నా, పరిటాలనీ పక్కనున్న కొన్ని ఊళ్లనీ నిజాం ఆ గనుల కోసమే తన కింద ఉంచుకున్నాడు. అంటే ఇక్కడ రాయి ఎప్పుడూ తిండి పెట్టే వస్తువే. సరదాకి రాయెక్కుతానంటే ఇంట్లో పెద్దవాళ్లు అర్థం కానట్టు చూస్తారు. క్వారీ గోడ మీద నడుముకి తాడు కట్టుకుని, డ్రిల్లు భుజానికి ఆనించుకుని పనిచేసే మనుషుల్ని వాళ్లు చూశారు. ఆ పని పిల్లలకి వద్దనే కదా చదివించింది.

తాడుతో ఎక్కడం ఈ మెట్ట ఊళ్లకి ఇంకో దారిలో కూడా తెలుసు. తాటిచెట్టెక్కే గీత కార్మికుడి మోకు. చెట్టు చుట్టూ తిప్పి నడుముకి తగిలించుకున్న ఆ లావుపాటి తాడు మీద వెనక్కి వాలి, రెండు చేతులూ వదిలి అతను గెల చెక్కుతాడు. మోకు పైకి జరపాలంటే ఒంటి బరువు ఒక్క క్షణం పాదాల మీదికి రావాలి. బరువు పాదాల మీదికి తెచ్చుకోవడం రాతి మీద కూడా మొట్టమొదట నేర్పే పాఠమే. మోకు జారితే, తెగితే కింద ఎవరూ ఉండరు. చెట్టు మీంచి పడి చచ్చిపోయినవాళ్లు, నడుము విరిగి మంచాన పడ్డవాళ్లు ఈ ప్రాంతంలో చాలా ఊళ్లలో ఉన్నారు. జగ్గయ్యపేట దాటితే తెలంగాణ. అక్కడి ప్రభుత్వం 2024 జులైలో కాటమయ్య రక్ష పేరుతో గీత కార్మికులకి రక్షణ కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. కొండలెక్కేవాళ్లు వాడే రకం బెల్టులు, తాళ్లు, కొక్కేలు తాటివనాల్లోకి వచ్చాయి. ఇది ఎప్పుడో జరగాల్సింది. ఆలస్యంగానైనా జరిగినందుకు సంతోషించాలి.

మోకు మనిషినీ చెట్టునీ కలుపుతుంది. బండెక్కేవాళ్ల తాడు మనిషినీ మనిషినీ కలుపుతుంది. ఒకరు ఎక్కుతుంటే ఇంకొకరు కింద నిలబడి, నడుము బెల్టుకి తగిలించిన చిన్న పరికరంలోంచి తాడు వదులుతూ, లాగుతూ ఉంటారు. దీన్నే బిలే అంటారు. ఎక్కేవాడు జారితే ఆ పరికరం తాడుని నొక్కి పట్టుకుంటుంది. అది పట్టుకోవాలంటే కింది మనిషి చెయ్యి తాడు మీద నుంచి ఎప్పుడూ తీయకూడదు. ఫోను మోగినా, ఎవరు పిలిచినా, ముక్కు దురద పెట్టినా తీయకూడదు. అందుకే ఈ ఆటలో స్నేహితుణ్ణి వెతుక్కోవడం క్రికెట్‌కి పదకొండో ఆటగాణ్ణి వెతుక్కోవడం లాంటిది కాదు. అక్కడ క్యాచ్ వదిలేస్తే మ్యాచ్ పోతుంది.

నగరాల్లో కట్టుడు గోడలు రెండు రకాలు. ఒకటి బౌల్డరింగ్ గోడ. ఎత్తు నాలుగు, నాలుగున్నర మీటర్లకి మించదు, కింద మందంగా పరుపులు ఉంటాయి, తాడుతో పనిలేదు. రెండోది తాడు గోడ, ఒలింపిక్స్‌లో అయితే 15 మీటర్లు. టోక్యో పోటీల్లో ఈ ఆట మొదటిసారి ఒలింపిక్స్‌లోకి వచ్చింది. కొత్త ఊరికి వచ్చినవాళ్లు తాడు గోడ కోసం వెతికి నిరాశపడే బదులు ముందు బౌల్డరింగ్ గోడకి వెళ్లడం మేలు. అక్కడ ఎక్కే సమయం కంటే పరుపు మీద కూర్చుని వేళ్లు సేద తీర్చుకునే సమయమే ఎక్కువ. నలుగురైదుగురు ఒకే చిక్కుముడి ముందు కూర్చుని, ఎడమ కాలు ముందా, కుడి చెయ్యి ముందా అని వాదించుకుంటారు. ఆ వాదనలో చేరడానికి పరిచయం అక్కర్లేదు. పరిచయాలు అక్కడే అవుతాయి.

వెళ్లే పద్ధతి ఒకటుంది. వారానికి నాలుగు రోజులు నాలుగు వేళల్లో వెళ్లేవాడికి గోడ తెలుస్తుంది గానీ మనుషులు తెలియరు. మంగళవారం సాయంత్రం ఏడింటికి అంటే ప్రతి మంగళవారం అదే వేళకి వెళ్లాలి. మూడో వారానికి తల ఊపేవాళ్లుంటారు, నెల తిరిగేసరికి పేరు పెట్టి పిలిచేవాళ్లుంటారు. ఇంకో సంగతి. “అన్నా, నాకు తాడు పడతావా” అని అడిగేవాడి కంటే “అక్కా, మీరు ఎక్కండి, నేను పడతాను” అనేవాడికి తోడు తొందరగా దొరుకుతుంది. తాడు పట్టే చెయ్యి ఎలాంటిదో పైన ఉన్నవాళ్లకి పది నిమిషాల్లో తెలిసిపోతుంది. అతిగా బిగించి లాగుతున్నాడా, ఎక్కడ ఎంత వదులు కావాలో చూసి వదులుతున్నాడా, దించేటప్పుడు గబగబా దించేస్తున్నాడా? ఆ చెయ్యి నచ్చితే వచ్చే ఆదివారం ఊరి బయట బండ దగ్గరికి రమ్మని పిలుపు వస్తుంది.

మంచి జోడీని గుర్తుపట్టాలంటే ఎక్కే ముందు అర నిమిషం చూస్తే చాలు. ఎక్కేవాడు ఎనిమిది అంకె ఆకారంలో ముడి వేసుకుంటాడు. తాడు కొస అదే దారిలో వెనక్కి తిరిగి, ఎక్కడ చూసినా జంట గీతల్లా కనిపించాలి. కింది మనిషి ఆ ముడిని వేలితో తడిమి చూస్తుంది. ముడి బెల్టులో రెండు చోట్లా దూరిందా అని చూస్తుంది. బకిల్ పట్టి లాగి చూస్తుంది. ఎక్కేవాడు ఆమె పరికరంలో తాడు సరైన దిక్కున ఉందో లేదో చూసి, కొక్కెం తాళం నొక్కి చూస్తాడు. ఇరవై ఏళ్లుగా ఎక్కుతున్నవాళ్లు కూడా ఇదంతా చేస్తారు. నన్ను చూడక్కర్లేదు, నాకు అలవాటే అనే మనిషి ఎంత గొప్పగా ఎక్కినా అతనితో వెళ్లకపోవడమే మంచిది.

హైదరాబాద్‌కి వచ్చినవాళ్లు ఒక విషయంలో అదృష్టవంతులు. గోడ దొరక్కపోయినా ఊరి మధ్యలోనే బండలున్నాయి. దాదాపు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు. ఖాజాగూడ గుట్టల మీద ఎండ ముదరకముందే బౌల్డరింగ్ పరుపులు వీపున మోసుకొచ్చేవాళ్లు కనిపిస్తారు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ ఆవరణలో పుట్టగొడుగు బండని చూడ్డానికి వెళ్లేవాళ్లున్నారు. ఈ రాళ్లని పగలగొట్టకుండా కాపాడాలని 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ ఏర్పడింది. వాళ్లు బండల మధ్య నడకలు పెడతారు, ఎక్కడం రానివాళ్లు కూడా వెళ్లొచ్చు. గ్రేట్ హైదరాబాద్ అడ్వెంచర్ క్లబ్ సభ్యులే వాలంటీర్లుగా ట్రెక్కులు, రాక్ క్లైంబింగులు నడుపుతారు. ఒంటరిగా వచ్చిన ఆడపిల్లలకి ముక్కూమొహం తెలియని ఒక్కడితో ఊరి బయటికి వెళ్లడం కంటే ఇలాంటి పదిమంది గుంపుతో మొదలుపెట్టడం ఎంతో నయం. ఈ మాట మగవాళ్లు తేలిగ్గా తీసుకోకూడదు. తోడు కుదరక ఈ ఆట మానుకున్న అమ్మాయిల్లో చాలామందికి కారణం భుజాల్లో బలం చాలకపోవడం కాదు.

గోడ మీద బాగా ఎక్కేవాళ్లు మొదటిసారి గ్రానైటు మీదికి వస్తే తికమక పడతారు. గోడ మీద పట్టుకోడానికి రంగురంగుల పిడులుంటాయి. హైదరాబాద్ బండ నున్నగా, వాలుగా ఉంటుంది, చేతికి ఏమీ అందదు. బూటు రబ్బరుని రాతికి ఆనించి, మడమ కిందికి దించి, దాని మీదే నిలబడాలి. భయమేసి రాతికి అతుక్కుపోతే పాదాల మీద బరువు తగ్గి జారిపోతారు. ఒళ్లు రాతికి దూరంగా ఉంచినవాళ్లే నిలుస్తారు. గింజలు గింజలుగా ఉండే ఆ రాయి పొద్దుగూకేసరికి వేలి కొసల చర్మం గీకేస్తుంది. వేసవిలో ఇక్కడ బండ పెనంలా కాలుతుంది కాబట్టి అసలు సీజను నవంబరు నుంచి ఫిబ్రవరి దాకానే.

హైదరాబాద్‌కి 50 కిలోమీటర్ల దూరంలో, వరంగల్ దారిలో భువనగిరి కోట ఉంది. అయిదొందల అడుగుల పైచిలుకు ఏకశిల. పడమటి చాళుక్య రాజు ఆరో విక్రమాదిత్యుడి కాలంలో దాని మీద కోట కట్టారు. కొత్త చోట తాడు తోడు దొరికిన కథల్లో తెలుగువాళ్లందరికీ తెలిసినది ఈ బండ దగ్గరే మొదలైంది. నిజామాబాద్ జిల్లా పాకాల నుంచి మాలావత్ పూర్ణ, అప్పటి ఖమ్మం జిల్లా చర్ల వైపు నుంచి సాధనపల్లి ఆనంద్ కుమార్. ఆమెది వ్యవసాయ కూలీల ఇల్లు, అతని తండ్రి సైకిళ్లు బాగుచేసేవాడు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివే పిల్లలు. రాష్ట్రానికి రెండు కొసల్లో ఉన్న వీళ్లకి ఒకరి మొహం ఒకరికి తెలిసే అవకాశమే లేదు. అప్పట్లో గురుకులాల కార్యదర్శి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ పూనుకుని పిల్లల్ని భువనగిరి పంపించారు. 2007లో ఎవరెస్టు ఎక్కిన శేఖర్ బాబు బాచినేపల్లి వాళ్లకి అక్కడ శిక్షణ ఇచ్చారు. తర్వాత డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఆ తర్వాత లడఖ్ చలి. ఒక్కో మెట్టు దగ్గర కొందరు ఆగిపోగా చివరికి మిగిలింది ఈ ఇద్దరే. 2014 మే 25న ఇద్దరూ టిబెట్ వైపు నుంచి ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకి అప్పటికి పదమూడేళ్ల పదకొండు నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన ఆడపిల్ల అంతకుముందు లేదు. పత్రికలు ఆమె వయసు గురించి ఎక్కువ రాశాయి, అది సహజమే. గురుకులం పిల్లలకి ఒక బండ, దాని దగ్గర ఒక గురువు, పక్కన తోటి పిల్లలు కుదిరిన సంగతి గురించి కూడా అంతే రాయాల్సింది.

ఇంకో దారి విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక్ స్కూల్లో పడింది. ఆ బడిలో చదివిన లెఫ్టినెంట్ ఉదయభాస్కరరావు 1985లో సైన్యం ఎవరెస్టు యాత్రలో చనిపోయాడు. ఆయన్ని తలుచుకునే ఆ బడిలోనే నెల్లూరు జిల్లా గాంధీజనసంఘం కుర్రాడు మల్లి మస్తాన్ బాబు కొండల మీద మనసు పెట్టుకున్నాడు. చదువుకి జంషెడ్‌పూర్, ఖరగ్‌పూర్, కలకత్తా, ఎక్కడికి వెళ్లినా ఆ మనసు మారలేదు. 2006లో ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాల్ని 172 రోజుల్లో ఎక్కేశాడు. 2015 మార్చిలో ఆండీస్‌లో ఒంటరిగా పైకి వెళ్లి తిరిగి రాలేదు. ఒంటరిగా వెళ్లగలిగినవాళ్ల శక్తి వేరు, దాన్ని గౌరవించాల్సిందే. ఉద్యోగం చేసుకుంటూ శని ఆదివారాలు బండలెక్కేవాళ్లు మాత్రం ఆ దారి పట్టకూడదు.

బెంగళూరు వెళ్లినవాళ్లకి ఊరి నడుమ కంఠీరవ స్టేడియం గోడ ఉంది. షోలే తీసిన రామనగరం బండలు గంటన్నర దూరం. సియాటిల్ చేరిన తెలుగువాళ్లకి క్యాంప్ లాంగ్ పార్కులో షుర్మన్ రాక్ అనే కట్టుడు బండ ఉంది, 1930ల చివర్లో కట్టింది. ఇంగ్లండులో లీడ్స్ విశ్వవిద్యాలయంలో వ్యాయామం బోధించే డాన్ రాబిన్సన్ 1964లో ఒక నడవ గోడలో రాళ్లు పొదిగాడు. చలికాలమంతా బయట వాన, లోపల పిల్లలు ఎక్కడం నేర్చుకున్నారు. ఆ నడవలో సాధన చేసినవాళ్లు తర్వాత ఇంగ్లండులోని గొప్ప క్లైంబర్లలో చేరారు. కంచికచర్లలోనో నందిగామలోనో ఒక కాలేజీ గోడకి ఇలాంటిది పెట్టడానికి పెద్ద ఖర్చేం కాదు. పరుపులు, తెలిసిన ఒక మనిషి ఉండాలి.

కుదిరిన జోడీలు ఎక్కువ కాలం నిలవవు, ఈ ఆటలో అదొక కష్టం. ఒకరికి పుణే బదిలీ అవుతుంది, ఒకరికి వీసా వస్తుంది, ఒకరికి బిడ్డ పుడుతుంది. అప్పుడు మళ్లీ ఆ మంగళవారం సాయంత్రాలు మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇద్దరి బరువుల్లో తేడా మరీ ఎక్కువైతే, పైవాడు జారినప్పుడు కింది మనిషి గాల్లోకి లేచిపోతుంది కాబట్టి బరువు కూడా చూసుకోవాలి. ఇవన్నీ తెలిసిన పాతవాళ్లు ఒక్క తోడు మీదే ఆధారపడకుండా ముగ్గురు నలుగురిగా తిరుగుతారు. ప్రతి చలికాలం గుంపులోకి ఒకరిద్దరు కొత్తవాళ్లని తీసుకుని, ఎక్కడం కంటే ముందు తాడు పట్టడం నేర్పిస్తారు.