సాగనంపడానికి ఏడు పౌండ్లు

ఆరు నెలల వీసా మీద లండన్ వచ్చిన అమ్మానాన్నలను తిరుగు విమానం ఎక్కించడానికి 2022లో హీత్రూ వెళ్ళాం. కారు ఇంకా పూర్తిగా ఆగలేదు, నాన్న అప్పుడే తలుపు తీశారు. "దిగు దిగు, ఇక్కడ ఎక్కువసేపు ఆగనివ్వరట" అని అమ్మను తొందరపెట్టారు. దారిలో నేనే అన్నాను ఆ మాట. టెర్మినల్ ముందు మనుషుల్ని దించడానికి ఐదు పౌండ్లు కట్టాలని, దించిన వెంటనే కదలాలని. నాన్న దాన్ని గట్టిగా పట్టుకున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పి. ఒక చేత్తో కారు తలుపు, ఇంకో చేత్తో సంచి పట్టుకుని దిగింది. సంచిలో పచ్చళ్ళు తెచ్చిన సీసాలు, కడిగి ఆరబెట్టి తిరిగి ఊరికి పట్టుకెళ్తున్నవి, ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి.

పెట్టెలు ట్రాలీ మీద పెట్టాను. అమ్మ నా చెంప మీద చెయ్యి వేసింది. ఏదో చెప్పబోయింది. వెనక కారు వచ్చి నిలబడింది. "ఫోన్ చేస్తాలే" అని కారెక్కాను. మలుపు దగ్గర అద్దంలో చూస్తే అమ్మ ఇంకా అక్కడే ఉంది. మా కారు రంగుదే ఇంకో కారు వెళ్తుంటే, అందులో నేనున్నాననుకుని దానికి చెయ్యి ఊపుతోంది.

ఆ రాత్రి ఫోన్లో ఐదు పౌండ్లు కట్టాను. డబ్బు పోయిందని నాకు బాధ లేదు. అమ్మ ఏం చెప్పబోయిందో వినకుండా వచ్చేశాననే బాధ మాత్రం చాలా కాలం ఉంది. ఎయిర్‌పోర్టులో దించే రుసుము గురించి నేను పట్టించుకోవడం మొదలుపెట్టింది ఆ రోజు నుంచే.

సాగనంపడం మన ఇళ్ళలో చిన్న పని కాదు. మా తాతయ్య ఇంటికి వచ్చిన చుట్టాన్ని గుమ్మంలో నిలబడి పంపించేవాడు కాదు. చెప్పులు వేసుకుని కాలవ వంతెన దాకా వెళ్ళేవాడు. బస్సు వచ్చేదాకా నిలబడేవాడు, బస్సు కనుమరుగయ్యాకే వెనక్కి తిరిగేవాడు. ప్రియమైనవాళ్ళను నీటిగట్టు దాకా సాగనంపాలన్నది పాత ఆచారం. శాకుంతలంలో అత్తవారింటికి బయల్దేరిన కూతురి వెంట కణ్వుడు కొలను దాకా వచ్చి అక్కడ ఆగుతాడు. చెప్పవలసిన మాటలన్నీ ఆ గట్టు మీదే చెబుతాడు. అసలు మాటలు గుమ్మంలో రావు, దారిలో వస్తాయి. కొంత దూరం కలిసి నడవాలని పెద్దలు పెట్టింది అందుకే అని నాకనిపిస్తుంది.

సాగనంపడానికి డబ్బు కట్టడం కూడా మనకు కొత్త కాదు. రైల్వే స్టేషన్లో ప్లాట్‌ఫారం టికెట్ తీసుకుంటాం. పది రూపాయలు కడితే రెండు గంటలు బండి పక్కన ఉండొచ్చు. పెట్టె సీటు కిందికి తోసి, నీళ్ళ సీసా కొనిచ్చి, కిటికీ చువ్వలు పట్టుకుని బండి కదిలేదాకా మాట్లాడొచ్చు. ఆ పది రూపాయలూ దగ్గరగా ఉండటానికి కడతాం. ఇక్కడ కట్టేది త్వరగా వెళ్ళిపోవడానికి. రెండిటికీ తేడా అక్కడుంది.

బ్రిటన్‌లో ఈ రుసుము ఒక్క హీత్రూకే పరిమితం కాదు. మాంచెస్టర్‌లో 2018లోనే మొదలైంది. లండన్ దగ్గరి గాట్విక్‌లో, హీత్రూలో 2021లో పెట్టారు. అది కోవిడ్ కాలం. 2019లో ఎనిమిది కోట్లకు పైగా ప్రయాణికులను చూసిన హీత్రూ, 2020లో రెండు కోట్ల ఇరవై లక్షల దగ్గర ఆగిపోయింది. ఆదాయం పడిపోయింది. టెర్మినళ్ళ ముందు కార్ల రద్దీ తగ్గాలి, పొగ తగ్గాలి, జనం రైళ్ళలో రావాలి అన్న కారణాలు కూడా చెప్పారు. ప్రయాణికులు తిరిగొచ్చారు. 2024లో హీత్రూ దాటినవాళ్ళు ఎనిమిది కోట్ల ముప్పై లక్షలకు పైనే. రుసుము మాత్రం తగ్గలేదు. 5 పౌండ్లతో మొదలైన హీత్రూ రుసుము 2025లో 6, 2026లో 7 అయింది. గాట్విక్‌లోనూ 5 పౌండ్లతోనే మొదలైంది, 2026కి అది 10 దాకా వచ్చింది. ఏడు పౌండ్లంటే మన డబ్బులో దాదాపు ఎనిమిది వందల రూపాయలు. టాక్సీలో వెళ్ళినా ఆ రుసుము మన బిల్లులోకే వస్తుంది.

కట్టే పద్ధతి తెలియకపోతే రుసుము కన్నా జరిమానా పెద్దది. హీత్రూలో డబ్బు తీసుకునే మనిషి ఉండడు, అడ్డుకర్ర ఉండదు. పైన కెమెరా నంబర్ ప్లేటు చదువుతుంది, అంతే. మనమే గుర్తుపెట్టుకుని మర్నాడు అర్ధరాత్రి లోపల ఆన్‌లైన్‌లోనో ఫోన్‌లోనో కట్టాలి. కట్టకపోతే 80 పౌండ్ల జరిమానా కాగితం కారు ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళింటికి వస్తుంది. పద్నాలుగు రోజుల్లో కడితే 40తో సరిపెడతారు.

ఇలాంటి కాగితం మా ఇంటికీ ఒకసారి వచ్చింది. అది వేరే ఊరి ఎయిర్‌పోర్టు. చదువు ముగించుకుని ఇండియా వెళ్ళిపోతున్న చిన్నాన్న కొడుకుని దించి వచ్చాను. నాలుగేళ్ళు మా ఇంట్లో తిరిగినవాడు వెళ్ళిపోతే ఇల్లు బోసిపోయింది. ఆ దిగులులో డబ్బు కట్టడం మర్చిపోయాను. ఎవరినైనా సాగనంపి వచ్చిన మనిషికి ఆ రోజు లెక్కలు గుర్తుండవు. మర్చిపోయినవాడికి ఒక్క గుర్తుచేసే సందేశం పంపి, ఇంకో రెండు రోజులు గడువిస్తే ఏ ఎయిర్‌పోర్టూ నష్టపోదు. మర్చిపోవడానికీ ఎగ్గొట్టడానికీ తేడా ఉంది. ఆ తేడా చూడని పద్ధతిని న్యాయమైన పద్ధతి అనలేను.

అప్పటినుంచి నా పద్ధతి మార్చుకున్నాను. హీత్రూ వాళ్ళ ఆటోపేలో కారు నంబరు నమోదు చేశాను. కెమెరా నంబరు చూస్తే చాలు, డబ్బు దానంతటదే వెళ్ళిపోతుంది. అలా నమోదు చేసుకోని మిత్రులకు నేను చెప్పేది ఒక్కటే. తిరిగి వచ్చేటప్పుడు పక్కన కూర్చున్నవాళ్ళు ఇంటికి చేరకముందే కట్టెయ్యాలి. కట్టేది ఎయిర్‌పోర్టు సొంత సైట్లోనేనా అని ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. వెతికినప్పుడు పైన కనిపించేవన్నీ వాళ్ళవి కావు. వికలాంగులకిచ్చే బ్లూ బ్యాడ్జ్ ఉంటే హీత్రూలో ఈ రుసుము పూర్తిగా మాఫీ, కానీ ముందుగా దరఖాస్తు చేసుకోవాలి. మన వాళ్ళలో అర్హత ఉండి కూడా ఆ సంగతి తెలియక కడుతున్నవాళ్ళున్నారు.

ఇక తప్పించుకునే దారులు. రుసుము ఎగ్గొట్టమని నేను చెప్పడం లేదు. కట్టనవసరం లేని దారులను ఎయిర్‌పోర్టులే ఉంచాయి, వాటి గురించి చెబుతున్నాను. హీత్రూలో లాంగ్ స్టే కార్ పార్కుల్లో ఉచితంగా దించొచ్చు. అక్కడి నుంచి టెర్మినల్‌కి ఉచిత బస్సు ఉంటుంది, పెట్టెలు పెట్టుకోవడానికి అందులో చోటుంటుంది. గాట్విక్‌లోనూ, మాంచెస్టర్‌లోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. ఒక అరగంట ముందు బయల్దేరితే చాలు. కానీ ఆ దారి చూపించే బోర్డు మాత్రం రుసుము చెప్పే బోర్డంత పెద్దగా ఉండదు. తెలిసినవాళ్ళు వెళ్తారు, తెలియనివాళ్ళు కడతారు.

ఇంకో దారి కూడా కొందరు చెబుతారు. ఎయిర్‌పోర్టు పక్క రోడ్డు మీద ఒక్క క్షణం ఆపి, పెట్టెలు దించేసి, "అదిగో, అటు నడిచి వెళ్ళిపోండి" అనడం. ఇది మాత్రం చెయ్యకండి. రోడ్డు అంచున రెండు ఎర్ర గీతలుంటే అక్కడ ఒక్క క్షణం ఆపడం కూడా తప్పే. దానికి పడే జరిమానా ఏడు పౌండ్లతో పోదు. అంతకన్నా పెద్ద సంగతి, ఆ రోడ్ల మీద కార్లు వేగంగా వస్తాయి. అరవై ఐదేళ్ళ మనిషి, తెలియని దేశంలో, ఇరవై మూడు కిలోల పెట్టె లాక్కుంటూ కాలిబాట వెతుక్కోవడం నేను కళ్ళారా చూశాను. ఆయన ఎవరి నాన్నో నాకు తెలియదు. కారు ఆపి సాయం చేద్దామన్నా అక్కడ ఆపే వీలు లేదు. ఏ కొడుకూ తండ్రి మీద అంత పొదుపు చెయ్యకూడదు.

ఈ రుసుము వల్ల నాకు ఒక మేలు జరిగింది. మరో రెండేళ్ళకి అమ్మానాన్నలు మళ్ళీ వచ్చి వెళ్ళేటప్పుడు మధ్యాహ్నం విమానం. "కారు వద్దురా, రైల్లో పోదాం. అందరం కలిసి కూర్చోవచ్చు" అన్నారు నాన్న. పెద్ద పెట్టెలు రెండూ నేనూ మా ఆవిడా తలా ఒకటి పట్టుకున్నాం. మా హౌన్స్‌లో ఈస్ట్ స్టేషన్ నుంచి పికడిల్లీ లైన్‌లో టెర్మినల్ 5 వైపు వెళ్ళే బండెక్కితే నాలుగో స్టేషనే టెర్మినల్ 2, 3. రైల్లో నాన్న మనవడిని పక్కన కూర్చోబెట్టుకున్నారు. అమ్మ నా పక్కన కూర్చుంది. అక్కడ దిగి, లిఫ్టెక్కి, భూగర్భంలో ఉన్న పొడవాటి నడవల్లో మెల్లగా నడిచాం. వెనక నుంచి హారన్ కొట్టేవాళ్ళు లేరు.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. శంషాబాద్‌లో సాగనంపేవాళ్ళ ప్రయాణం ఎయిర్‌పోర్టు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. టికెట్, గుర్తింపు కార్డు చూసి ప్రయాణికుడినే లోపలికి పంపుతారు. ఊరి నుంచి బండి కట్టించుకుని వచ్చిన బంధువులంతా అద్దాల బయట నిలబడి లోపలికి చూస్తూ ఉంటారు. హీత్రూలో అలా కాదు. టికెట్ లేనివాళ్ళు కూడా చెక్ ఇన్ హాలులోకి, సెక్యూరిటీ గేటు దాకా వెళ్ళొచ్చు. మొదటిసారి కారులో దించి వెళ్ళిపోయినప్పుడు ఆ హాలు నాకు గుర్తే రాలేదు. ఈసారి పెట్టెలు నేనే తూకం మీద పెట్టాను. నాన్నకి బోర్డింగ్ పాసు మీద గేటు నంబరు ఎక్కడ చూడాలో చూపించాను. అమ్మకి వీల్‌చెయిర్ సాయం అడిగాం. మనిషి వచ్చేలోగా అందరం బెంచీ మీద కూర్చుని ఇంటి నుంచి తెచ్చిన పులిహోర తిన్నాం.

అప్పుడు అమ్మ చెప్పింది. ఊళ్ళో ఇల్లు అమ్మే విషయం నన్ను అడగకుండా నిర్ణయించవద్దని నాన్నతో చెప్పిందట, ఆయన ఒప్పుకున్నారట. ఆరు నెలలు ఒకే ఇంట్లో ఉన్నా రాని మాట ఆ బెంచీ మీద వచ్చింది. మా కాలవ వంతెన అదే అయింది.

రైలు అందరికీ కుదరదని నాకు తెలుసు. తెల్లవారుజాము విమానాలకి ట్యూబు, అంటే ఆ భూగర్భ రైలు, అందదు. రాత్రంతా నడిచే ట్యూబు శుక్ర, శని రాత్రులే ఉంటుంది, అది కూడా టెర్మినల్ 4కి వెళ్ళదు. రాత్రి బస్సు ఎన్9 ఉంది, కానీ పసిపిల్లతో, నాలుగు పెట్టెలతో బస్సెక్కమని ఎవరికీ చెప్పలేం. లండన్‌కి దూరంగా ఉండేవాళ్ళకి కారు తప్ప దారే లేదు. జనాన్ని రైళ్ళకు మళ్ళించడానికే ఈ రుసుమైతే, రైలు లేని వేళల్లో దాన్ని వసూలు చెయ్యడంలో అర్థం లేదు. ఆ గంటల్లో మినహాయించాలి. ఉచితంగా దించే చోటు దారి పెద్ద అక్షరాల్లో చూపించాలి. వీల్‌చెయిర్ కోరిన ప్రయాణికుడిని దించే కారుకు, బ్లూ బ్యాడ్జ్ లేకపోయినా, రుసుము వెయ్యకూడదు. మన దేశం నుంచి వచ్చే పెద్దవాళ్ళకి ఇక్కడి బ్యాడ్జ్ ఎక్కడి నుంచి వస్తుంది?

రేపు మన ఊళ్ళ ఎయిర్‌పోర్టుల్లో ఇలాంటి రుసుము పెట్టాలనే మాట వచ్చినా మనం మొదట అడగవలసింది ఇదే. రైలో, బస్సో ఏర్పాటు చేశాక రుసుము పెట్టండి. ప్రత్యామ్నాయం లేని చోట పెడితే అది రద్దీ మీద పన్ను కాదు, అవసరం మీద పన్ను.

ఈ దేశంలో ఉన్న మన వాళ్ళకి ఒక మాట. అమ్మకి కాళ్ళ నొప్పులుంటే ఏడు పౌండ్లు వెంటనే కట్టెయ్యండి, ఆమె ముందు ఆ లెక్క ఎత్తకండి. వీలైతే దించేవాళ్ళు ఒకరు, కారు నడిపేవాళ్ళు ఒకరుగా వెళ్ళండి. ఒకరు కారు తీసుకెళ్ళిపోయినా ఇంకొకరు లోపలికి వెళ్ళొచ్చు. ఓపిక ఉన్న ప్రయాణమైతే రైల్లోనో, ఉచిత బస్సులోనో కలిసి వెళ్ళండి. ఎలా వెళ్ళినా సెక్యూరిటీ గేటు దాకా నడవండి. గేటు దాటాక వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారు. అప్పుడు మీరు అక్కడ ఉండండి.