కెరమెరి ఘాట్‌లో ఇగం

పుష్య అమావాస్యకు కేస్లాపూర్ నాగోబా జాతర చూద్దామని కరీంనగర్ నుంచి తెల్లారకముందే బయల్దేరినం. ఆసిఫాబాద్ దాటి కెరమెరి ఘాట్ ఎక్కేసరికి ఒకటే పొగమంచు. మూలమలుపుల్లో ముందు బస్సు ఎర్రలైటు తప్ప ఏం కనబడలే. స్వెటర్ మీద శాలువ కప్పుకున్నా పండ్లు టకటక కొట్టుకుంటున్నయి.

ఒకకాడ చాయ్ కోసం ఆగినం. పొద్దెక్కి మంచు విడుస్తుంటే అప్పుడు కనబడ్డది: టేకు మొదళ్లన్నీ మోకాలెత్తు దాకా నల్లగ. పోయిన ఎండాకాలం కార్చిచ్చు తిరిగిన జాగ అట. చేత్తో రాస్తే వేళ్లకు మసి అంటింది, బెరడు కింద మాత్రం పచ్చిగనే ఉంది. కాలిన మోడు పక్కనుంచి చాటంత ఆకులతోని కొత్త పిలక.

ఇప్పపూలు ఏరుకోను సులువైతదని చెట్టు కింద ఆకులు కాలబెడతరు. తునికి చిగురు బాగ రావాలని పొదలకు నిప్పు పెడతరు. కొన్నిసార్లు తాగి పారేసిన బీడీ. మా కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు ఆడోళ్లు చుట్టే బీడీలకు ఆకు ఇసొంటి అడవులదే కదా, ఇగ తప్పు ఎవరిదని లెక్క తీస్తం?

"అడవి మల్ల వస్తదా తాతా?" అని చలిమంట కాడ కూసున్న పెద్దాయన్ని అడిగిన.

"వచ్చింది గద బిడ్డా, కండ్లముందలనే ఉంది" అన్నడు. లేసేటప్పుడు ఆ మంట మీద చెంబెడు నీళ్లు పోసి, బూడిదను కట్టెతోని రెండుసార్లు కలబెట్టి చూసుకున్నడు.