నీడలో పుట్టిన మొక్క

మా అత్తగారు కాలుజారి పడి మంచము పట్టిన పిదప ఆమెను పల్లెనుండి విజయవాడలోని మా యింటికి తీసికొనివచ్చితిమి. ఆమెకు ప్రొద్దుపోవునని వీధిగదిలో మంచము వేయించి, ఎదుటనున్న పడమటి కిటికీలో ఒక మొక్కను కుండీతో నుంచితిని. దానిని ఆంగ్లేయులు ప్రార్థన మొక్క యందురు. వృక్షశాస్త్రమున దాని పేరు మరాంటా ల్యూకోన్యూరా. పచ్చని ఆకుపై ఎఱ్ఱని ఈనెలు ముగ్గు వేసినట్లుండును. పగలు విప్పారియుండు ఆకులు ప్రొద్దు గ్రుంకునప్పటికి నిలువుగా లేచి, జోడించిన చేతులవలె నిలుచును. "అమ్మాయీ, మొక్క దండము పెట్టినది. దీపము వెలిగించితివా?" అని అత్తగారు దినదినమును నన్ను పిలిచెడివారు.

రెండు మాసములు గడచునప్పటికి ఆకుల అంచులు మాడినవి; రంగు వెలసినది; సాయంకాలము లేచుటయు మానినవి. అత్తగారికిని రాత్రులు నిద్ర పట్టుట లేదు. "దీనికిని నాకును ఈ ఊరు పడలేదే" అని ఆమె నవ్వుచునే అన్నారు గాని, ఆ మాట నా మనసున ముల్లువలె నిలిచినది. నేను చేసిన లోటేమి?

ఆ దినములలోనే మా వారికి పనిమీద బ్రెజిలు దేశమునకు పోవలసివచ్చినది. మా ఆడుబిడ్డ వచ్చి తల్లికి తోడుండగా నేనును వెంట వెళ్లితిని. ఈ మొక్కకు పుట్టినిల్లు ఆ దేశపు అరణ్యములే. అందుచేత రియో డి జనీరో నగరమునకు పడమట, బర్రా డి గ్వారాటిబా అను చోటనున్న రొబెర్టో బుర్లె మార్క్స్ గారి తోటను చూడవలెనని ముందే సంకల్పించుకొంటిని.

ఆయన 1909లో జన్మించి 1994లో స్వర్గస్థుడైన ప్రఖ్యాత ఉద్యానశిల్పి. 1928లో కుటుంబముతో బెర్లిను నగరమునకు పోయినప్పుడు అచ్చటి డాలెం ఉద్యానపు అద్దాల యిండ్లలో తన దేశపు మొక్కలను చూచి ఆశ్చర్యపడెనట. స్వదేశమున ఎవరును లక్ష్యపెట్టని మొక్కలకు పరదేశమున అంతటి గౌరవము! 1949లో సోదరునితో కూడి ఈ భూమిని కొని, అడవులనుండి మొక్కలను తెచ్చి పెంచినారు. 1985లో దీనిని ప్రభుత్వమునకు దానమిచ్చినారు. సుమారు 100 ఎకరముల ఈ తోటలో 3,500కు పైగా జాతుల మొక్కలు కలవు. 2021లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది.

కొండవాలున ఎగబ్రాకిన తోటలో పెద్ద చెట్లును, నీడపందిరులును కలవు. వెలుపల కన్నులు చెదరు ఎండ. పందిరిలోనికి అడుగిడినంతనే, ఆ యెండయే జల్లెడ పట్టినట్లు మెత్తగా దిగుచున్నది. గాలి తడిగా నున్నది. అచ్చట మా మొక్క చుట్టములు నేలబారుగా విప్పారియున్నవి. ఒక్క ఆకు అంచైనను మాడలేదు. తోట చూపు యువతితో నా గోడు చెప్పుకొంటిని. ఆమె నవ్వి, "ఇది మహావృక్షముల పాదములయొద్ద పుట్టినది. దీనికి వెలుతురు కావలెను, ఎండ పనికిరాదు, తడి కావలెను, బురద పనికిరాదు" అన్నది.

నేను దానిని మండుటెండలో నిలిపి, ప్రేమ యనుకొని పూటకొక చెంబు కుళాయినీరు పోసితిని. నా లోటు తక్కువచేయుటలో లేదు. అడుగకుండ ఎక్కువచేయుటలో నున్నది.

తోటలో సెయింట్ ఆంటొనీ పేర ఒక ప్రాచీనమైన చిన్న ప్రార్థనాలయము కలదు. దాని చెంత కూర్చుండి ఈ మొక్కనుగూర్చి చదివినదంతయు తలపోసికొంటిని. ఆకు కాడను కలియుచోట చిన్న ఉబ్బు కలదు. అందు ఒక ప్రక్క కణములలో నీరు చేరి ఉబ్బగా, వేఱొక ప్రక్కవి సడలగా ఆకు లేచును. ఉదయమున తిరిగి వాలును. మన యిండ్లలో రోగులకు జావ కాచి యిచ్చు ఆరోరూటు, అనగా పాలగుండ, దీనికి దగ్గరి చుట్టము. చార్లెస్ డార్విన్ గారు 1880లో కుమారుని సాయముతో ప్రకటించిన గ్రంథమున పాలగుండ మొక్క నిద్రను వర్ణించి, పెనుగాలికి ఊగిపోయిన మొక్క తరువాతి రాత్రులలో నిద్రపోలేదని వ్రాసినారు. ఈ సంగతి తలపునకు రాగానే నాకు అత్తగారు జ్ఞప్తికి వచ్చిరి.

ఇంటికి వచ్చినంతనే మాడిన ఆకులను కత్తిరించితిని. కణుపు గల రెండు కొమ్మలను నీటిలో నుంచగా కొలది వారములకు వేళ్లు దిగినవి. వానిని ఆకుటెరువు, కొబ్బరిపొట్టు కలిపిన తేలిక మట్టిలో, అడుగున చిల్లి గల కుండీలో నాటితిని. పైమట్టి కొంచెము ఆఱినపుడే నీరు పోయవలెను. పళ్లెములో నీరు నిలువరాదు. వాననీరు శ్రేష్ఠము. వేసవిలో వడగాడ్పు తగులకుండ లోపలి గదిలో, తడి గులకఱాళ్ల పళ్లెముపై, ఇతరపు కుండీల నడుమ నుంచవలెను. చలికాలమున నీరు తగ్గింపవలెను. ఇది పసిపిల్లలకును పెంపుడు పిల్లులకును విషము కాదు.

ఇక దానికి చోటు వెదకుచు, ఆనాడే అత్తగారిని అడిగితిని: "మీకు ఏ గది హాయిగా నుండును?"

ఆమె కొంతసేపు నన్ను చూచి, "ఇన్నాళ్లకు అడిగితివమ్మా! పెరటిగది. ఈ బండ్ల రొద, ఈ టెలివిజను మ్రోత నాకు అలవాటు లేదు" అన్నారు. ఆమెకు తోచకుండ నుండునేమో యని వీధిగదిని ఏరి కోరి యిచ్చినది నేనే!

మంచమును, కుండీని తూర్పుకిటికీ గల పెరటిగదికి మార్చితిమి. కొన్నాళ్లకు క్రొత్త ఆకులు రెండు విప్పారినవి. ఒక సాయంకాలము దీపము వేళ దాటుచున్నను నన్నెవరును పిలువలేదు. భయపడి లోనికి పోయి చూచితిని. ఆ రెండాకులు చేతులు జోడించియున్నవి. అత్తగారు గాఢనిద్రలో నున్నారు. చప్పుడు చేయక వచ్చి దీపము వెలిగించితిని.