టర్బో తీసివేయు ముచ్చట

టర్బో చెడిన తన కారునకు టర్బోలేని ఇంజిను నమర్చెదనని మాదాపూరు మిత్రుడొకడు సంకల్పించియున్నాడు. సైబర్ టవర్స్ మొదలు బయోడైవర్సిటీ కూడలి వరకు నత్తనడక నడచు వాహనప్రవాహమున టర్బోతో పనియేమి యను నతని వాదము వినసొంపుగనే యున్నది. కాని 2020 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలోనే చూడుడు: ఒక లీటరు టర్బో ఇంజిను 110 అశ్వశక్తిని, 175 న్యూటన్ మీటర్ల టార్కును ఈయగా, అంతే పరిమాణముగల టర్బోలేనిది 76తోను, 95తోను సరిపెట్టుకొనును, అంతటితో ముగియక, ఇంజిను కంప్యూటరు, వైరింగు, ఇంధనవ్యవస్థ సైతము మార్చవలసివచ్చును (టర్బోదానిలో పెట్రోలు నేరుగా సిలిండరులోనికే చిమ్మబడును గదా), ఆపై ఆర్సీలోని ఇంజిను నంబరు మార్పునకై రవాణాశాఖ గుమ్మమెక్కవలెను. ఇందు పొదుపెక్కడ? టర్బోనే బాగుచేయించుకొమ్మంటిని, వినుటలేదు. ఇట్టి మార్పిడి చేయించినవారెవరైన నున్నచో ఖర్చెంతయైనదో కామెంటులో తెలుపుడు.