గుండ్లకమ్మ సీమ నుంచి రెండు ఉత్తరాలు

ఒంగోలు, సోమవారం

అక్కా,

దేవుడు కనిపెట్టి చూస్తుంటే విశ్వాసికి ఇన్ని కష్టాలెందుకన్న నీ ప్రశ్నకు ఒంగోలు చరిత్రలో కొంత జవాబుంది. 1876లో వానలు తప్పి ధాత కరువు మొదలైంది. మరుసటి ఏడు సర్కారు కరువు పనుల్లో మగమనిషి రోజు కూలి సుమారు 450 గ్రాముల గింజలకు, ఒక అణాకు దిగింది. అప్పుడు ఇక్కడి అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్లు గుత్తకు తీసుకున్నాడు. ఆకలితో వచ్చిన మాదిగ కుటుంబాలు పలుగూ పారా పట్టి, తట్టలతో మట్టి మోసి కూలి తీసుకున్నాయి. బోధకులే మేస్త్రీలయ్యారు. కాపుదలంటే కష్టం రాకపోవడమే అనుకుంటే ఈ చరిత్ర మనకు అందదు. విశ్వాసులూ అందరితోపాటే పస్తులున్నారు. వాళ్లు నమ్మింది కష్టంలో చెయ్యి విడవని దేవుణ్ణి. ఆ చెయ్యి సాయంత్రం కూలి డబ్బుల్లో కనిపించింది. కూలిని కృప అనడం దేవుణ్ణి చిన్నబుచ్చడమని కొందరంటారు. నాకలా తోచదు. ప్రభువు నేర్పిన ప్రార్థనలోనే అనుదినాహారం ఉంది.

వెల్లంపల్లి, బుధవారం

అక్కా,

ఆ కరువులో మాదిగలు అన్నం కోసమే క్రైస్తవ మతం పుచ్చుకున్నారన్న మాట నువ్వూ వినే ఉంటావు. ఆ అనుమానాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం, ఆకలి మనిషిని దేనికైనా ఒప్పిస్తుంది. క్లౌకూ ఆ భయం ఉండబట్టే ఏడాదికి పైగా బాప్తిస్మాలు ఆపేశాడు. ఇక ఇచ్చేందుకేమీ లేదని చెప్పాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న ఇక్కడి గుండ్లకమ్మ ఏట్లో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరుగా వంతులు వేసుకుని నీళ్లలో నిలబడ్డారు. తిండే కారణమైతే తిండి ఆగాక ఇంతమంది ఎందుకొస్తారు? గౌరవం కోసం వచ్చారంటావా, వచ్చి ఉండొచ్చు. ఊరి వెలుపల ఉంచిన మనిషికి గౌరవం దొరకడమూ దేవుని పనే.

మరి చనిపోయిన లక్షల మంది మాటేమిటి? అసలు చిక్కు ఇక్కడుంది. జనం ఆకలితో పోతుంటే గింజలు ఓడలెక్కాయి. ఆ పాపం పాలకులది. అయినా ప్రశ్న అక్కడితో తీరదు, బతికినవాళ్ల సాక్ష్యం పోయినవాళ్లకు జవాబు కాదు. బైబిలు కూడా ఆ జవాబు ఇచ్చినట్టు నటించదు. యోబు బాధకు కారణాలు చెప్పిన స్నేహితులనే దేవుడు గద్దించాడు. 88వ కీర్తన చీకటిలోనే ముగుస్తుంది, అయినా ఆ మొర ఆసాంతం దేవునితోనే. వివరణ దొరక్కపోయినా ఆయనతో మాట మానకపోవడాన్నే నేను నమ్మకం అంటాను.

ఈసారి స్త్రీల కూటంలో ఆ కీర్తనే చదివించు. చివర్న ఓదార్పు వచనమేదీ కలపనివ్వకు.