నెమ్ము

మా ఊళ్ళో గోడకి చెమ్మ ఎక్కినా నెమ్మే అంటారు, మనిషికి ఛాతీలో కఫం పట్టినా నెమ్మే అంటారు. రెండింటికీ ఒకే మాటేమిటని చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. బి.ఎస్సీ. రెండో ఏడాదిలో ఆ నవ్వు కాస్తా పోయింది.

మాది భీమవరం దగ్గర పల్లె. ఇంటి ముందు పంటకాలవ, వెనక చేపల చెరువు. నడుమ మా పెంకుటిల్లు. మా మామ్మ నలభై ఏళ్ళకి పైగా కట్టెల పొయ్యి ముందు కూర్చున్న మనిషి. గ్యాసు వచ్చాక కూడా వేణ్ణీళ్ళకీ, గేదెల ఉలవలకీ ఆ పొయ్యే. జన్మలో చుట్ట ముట్టలేదు (మా వైపు ముట్టిన ముసలమ్మలూ ఉన్నారు లెండి). అలాంటిది ఆయాసం పట్టుకుంది. పట్నంలో డాక్టరుగారు ఒక గొట్టంలో గట్టిగా ఊదించారు. ఊదిన గాలిలో మొదటి సెకనులోనే 70 శాతమైనా బయటికి రాకపోతే శ్వాసనాళాలు ఇరుకైనట్టట. మామ్మకి సగం కూడా రాలేదు. జబ్బు పేరు సి.ఓ.పి.డి. అన్నారు. ఏళ్ళ తరబడి పీల్చిన పొయ్యి పొగ వల్ల కూడా వస్తుందట.

ఇక్కడ నా తెలివి మొదలయింది. "మామ్మా, నువ్వు మంచం దిగకు" అని శాసించాను. చలిగాలి తగలకూడదని వెనక గది కిటికీలు బిగించాను. వానాకాలం గనక బట్టలు కూడా ఆ గదిలోనే దండేనికి ఆరేసేవాళ్ళం. గోడమీద నల్లమచ్చలు కనబడకుండా ఎనామిల్ పెయింటు పూయించాను. పదిహేను రోజుల్లో పొక్కులు లేచాయి. గిల్లి చూస్తే లోపల బూజు. రెండు నెలలకి మామ్మ దొడ్లోకి వెళ్ళాలన్నా మధ్యలో కూలబడేది.

మళ్ళీ వెళ్తే డాక్టరుగారు, "రోజూ ఎంత నడుస్తోంది?" అని అడిగారు.

"మంచం దిగనివ్వడం లేదండీ" అన్నాను గర్వంగా.

"ఏం చదువుతున్నావు?"

"బి.ఎస్సీ. అండీ."

ఆయన ఇంకేమీ అనలేదు. అదే బాధ.

తరవాత ఓపిగ్గా చెప్పారు. కదలని కాళ్ళలో కండ బలహీనపడుతుంది. బలహీనపడ్డ కండ అదే పనికి ఎక్కువ ప్రాణవాయువు అడుగుతుంది. దాంతో ఆయాసం ఎక్కువ. ఆయాసానికి భయపడి నడక ఇంకా తక్కువ. ముక్కుతో పీల్చి, పెదవులు సున్నాలా చుట్టి, పీల్చినదానికి రెట్టింపు సేపు మెల్లగా వదలమన్నారు. అలా వదిలితే నాళాలు మధ్యలో మూసుకుపోవట.

"ఊదుగొట్టంతో పొయ్యి ఊదినట్టేనా బాబూ?" అంది మామ్మ.

"అంత బలంగా వద్దమ్మా, నిప్పు రాజుకోనక్కర్లేదు" అన్నారాయన.

ఇన్‌హేలర్ పీల్చుకుని కాలవగట్టు మీద నడక మొదలుపెట్టింది. మొదటిరోజు ఒక్క కరెంటు స్తంభం. మాట్లాడుతూ నడవగలిగితే సరే, మాట తెగిపోతే ఆగాలి. కళ్ళు తిరిగినా, గుండెలో నొప్పనిపించినా ఆ పూటకి చాలు. మంచు దట్టంగా ఉన్నరోజూ, చేలల్లో గడ్డి కాల్చిన రోజూ నడక ఇంట్లోనే.

ఇక గోడ. కేశనాళికల్లో నీరు ఎలా పైకెక్కుతుందో పరీక్షలో బొమ్మ వేసి మరీ రాసినవాణ్ణి, మా ఇంటి ఇటికలు చేస్తున్న పని అదేనని తోచలేదు. పాత గోడ, పునాదికీ దానికీ మధ్య చెమ్మ ఆపే పొర లేదు. సిమెంటు రోడ్డు వేసి ఎత్తు పెంచాక వాననీళ్ళు మా గోడకే నిలిచేవి. పైగా గడ్డివామి కూడా గోడకి ఆనుకునే ఉంది. నాన్న, నేను వామిని దూరం జరిపాం. నీళ్ళు పోవడానికి బోదె తవ్వాం. మామ్మని పిన్ని ఇంటికి పంపి, మూతికి గుడ్డ కట్టుకుని, బూజు ఎగరకుండా తడి చేసి గీకి, పెయింటు వలిచి సున్నం కొట్టాం. టైల్స్ వేద్దామన్నారు నాన్న. టైల్స్ వేస్తే చెమ్మ పోదు, కనబడదు, అంతే. ఆ విద్యలో నేను ఆరితేరాను గనక వద్దన్నాను. గోడకి అసలు వైద్యం చేయించాలంటే చాలా ఖర్చు. దాళ్వా డబ్బు చేతికొస్తే చూద్దామన్నారు.

ఇప్పుడు కిటికీలు తీసే ఉంటాయి. వానొస్తే గోడ అడుగున జానెడు మేర ఇంకా తడుస్తూనే ఉంది. పాడైన ఊపిరితిత్తి మళ్ళీ కొత్తది కాదని డాక్టరుగారు ముందే చెప్పారు. మామ్మ మాత్రం ఆరు స్తంభాలు దాటింది. మొన్న ఫోన్లో అడిగింది:

"ఒరే అబ్బాయ్, మీ కాలేజీ దాకా ఎన్ని స్తంభాలుంటాయిరా?"