నాచారంలో ఒక రాగి డబ్బా

ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐకి వెళ్లి, 1964 నుంచి భూ అయస్కాంతత్వాన్ని కొలుస్తున్న అబ్జర్వేటరీ గురించి రాయమన్నారు ఎడిటర్ గారు. దారిలో నాచారం పారిశ్రామికవాడలో తెలిసినవాళ్లు చెప్పిన వర్క్‌షాపు దగ్గర ఆగాను. పొద్దంతా అక్కడే గడిచింది.

అరవై దాటిన మేస్త్రి ఒకాయన రాగి డబ్బా అంచులకు టంకం పెడుతున్నారు. పెట్టిన ప్రతి అతుకునూ గోటితో తడిమి చూస్తారు.

"గుండ్రటి బెజ్జముంటే ఫికర్ లేదు సార్. గీ పొడుగు సందుతోనే పరేషాన్."

భౌతికశాస్త్రం చెప్పేదీ అదే. సందు వెంట్రుకంత సన్నగా ఉన్నా, పొడవు తరంగదైర్ఘ్యంలో సగానికి వచ్చిందంటే మైక్రోవేవ్‌లు దర్జాగా దూరతాయి. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్‌కి ఆ పొడవు 6 సెంటీమీటర్లే.

ఈ డబ్బా లోపల కూర్చోబోయేది స్క్విడ్ అనే అయస్కాంత సెన్సర్. అతివాహక వలయం, అందులో నానోమీటర్లలో కొలిచే ఇరుకు వంతెన. నియోబియంతో చేస్తే 4.2 కెల్విన్ ద్రవ హీలియంలో ముంచాలి. హైదరాబాదులో భూమి క్షేత్రం సుమారు 40 వేల నానోటెస్లాలు. స్క్విడ్ ఒక్క నానోటెస్లాలో వెయ్యోవంతునూ పసిగడుతుంది. ఆ నెమ్మది మార్పులు రాగిని దాటి లోపలికి రావాలి, మైక్రోవేవ్‌లు మాత్రం గడప బయటే ఆగాలి.

ఎందుకంటే ఆ వంతెనకు మైక్రోవేవ్‌లతో ఉన్న చుట్టరికం మహా పేచీది. 1964లో భౌతికశాస్త్రవేత్తలు ఆండర్సన్, డేయమ్ అలాంటి వంతెన మీద మైక్రోవేవ్‌లు పంపితే వోల్టేజి మెట్లుమెట్లుగా పెరిగింది. గిగాహెర్ట్జ్‌కి 2.07 మైక్రోవోల్టుల చొప్పున మెట్టు! 1966లో వయట్ బృందానికి ఇంకో వింత కనబడింది: అతివాహకత పోయే ఉష్ణోగ్రతకు కాస్త దిగువన, మైక్రోవేవ్‌లు తగిలితే వంతెన మోయగల కరెంటు తగ్గకపోగా పెరిగింది. 1970లో ఎలియాష్‌బర్గ్ దానికి కారణం చెప్పాడు. మోతాదు మించితే మాత్రం వంతెన వేడెక్కుతుంది, సెన్సర్‌కు చెవుడొస్తుంది. కావాలని లెక్కగా పంపే మైక్రోవేవ్ పనిముట్టు. సెల్‌టవర్ నుంచి పిలవకుండా వచ్చేది దొంగ.

ఎన్‌జీఆర్‌ఐకి నగరం రొదకు దూరంగా చౌటుప్పల్‌లోనూ అబ్జర్వేటరీ ఉంది. నియోబియం స్క్విడ్‌లను కల్పాక్కంలోని అణు పరిశోధన కేంద్రం ఐజీకార్ తయారుచేసింది. మరి ఈ అతుకును పట్టించుకునేదెవరు?

"బిల్లు సూస్తరు గానీ అతుకు ఎవ్వరు సూడరు. నేర్సుకుంటనని ఒక్క పోరగాడన్న రాలె."

నాకు కోపమొచ్చింది. చిప్పు చేసినవాడి పేరు పరిశోధన పత్రంలో ఉంటుంది, దాన్ని కాపాడే డబ్బా చేసినవాడి పేరు రసీదు మీద కూడా ఉండదు.

సాయంత్రం ఆయన తన ఫోన్ డబ్బాలో పెట్టి, మూతకు మరలు బిగించి, నన్ను ఫోన్ చేయమన్నారు.

మోగింది. ఆయన మాట్లాడకుండా మళ్లీ మరలు విప్పడం మొదలుపెట్టారు.